వెలిగే సముద్ర జీవుల వీడియోలు: ఏది నిజంగా అంతుపట్టనిది?

చీకటి నీటిలో రంగురంగులుగా మెరిసే జీవి వీడియో ఒకటి తిరగడం మొదలైతే చాలు, "శాస్త్రవేత్తలకే అంతుపట్టడం లేదట, నిజమేనా?" అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. అన్నిటికీ ఒకే జవాబు చెబితే తప్పవుతుంది. అందుకే మూడు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

నా దృష్టిలో ముందు తేలవలసింది ఒక్కటే: ఆ వెలుగు జీవిదా, కెమెరాతో పాటు దింపిన దీపాలదా? సముద్రంలో వెయ్యి మీటర్ల లోతు దాటితే సూర్యకాంతి చేరదు. అక్కడ జీవి ఒళ్లంతా రంగులతో సహా స్పష్టంగా కనిపిస్తోందంటే దీపాలు వెలుగుతున్నట్టే. జీవులు సొంతంగా పుట్టించే వెలుగు, అంటే జీవదీప్తి, ఎక్కువగా నీలంగానో నీలి ఆకుపచ్చగానో ఉంటుంది. సముద్రపు నీటిలో బాగా దూరం పోయేది ఆ రంగే. పైగా అది మసకగా ఉంటుంది, చాలాసార్లు క్షణాల్లో ఆరిపోతుంది. దాన్ని చిత్రించాలంటే దీపాలు ఆర్పేసి, అతి తక్కువ కాంతిని పట్టగల కెమెరా వాడాలి. అందుకే పసుపు, గులాబీ, ఇంద్రధనుస్సు రంగులు కనబడితే నేను ముందుగా దీపాన్నే అనుమానిస్తాను. జెల్లీఫిష్‌లా కనిపించే కోంబ్ జెల్లీ అనే జీవి ఒంటి మీద పరుగులు తీసే రంగులు సీడీ వెనుకవైపు కనిపించే రంగుల్లాంటివే. ఎనిమిది వరుసల్లో ఉన్న నూగులాంటి శైలికలు కదులుతూ తమ మీద పడిన కాంతిని విడగొడతాయి. ఆ జాతుల్లో చాలావాటికి సొంత వెలుగూ ఉంది. కానీ వీడియోల్లో మనం చూసి ముచ్చటపడేది అది కాదు.

ఇప్పుడు మొదటి ఉదంతం. 2017లో మెక్సికోకు చెందిన రెవియాహిహేడో దీవుల దగ్గర, సుమారు 1,225 మీటర్ల లోతులో, నాటిలస్ అనే పరిశోధన నౌక బృందం ఒక జెల్లీఫిష్‌ను చిత్రించింది. మధ్య నుంచి అంచుల దాకా పసుపు, గులాబీ కిరణాలు విచ్చుకున్నట్టు ఉంటుంది. అది హాలిట్రెఫిస్ మాసి. 1909లోనే పేరు పెట్టిన జీవి. ఆ కిరణాలు దాని ఒంట్లో పోషకాలను మోసే నాళాలు. వాటి మీద జలాంతర వాహనం దీపకాంతి పడి అలా మెరిశాయి. దీపం ఆర్పితే అది చీకట్లో చీకటే. చూడటానికి ఎంత అపురూపమైనా, ఇందులో మిగిలిన రహస్యం లేదు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం. 2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మాంటెరే తీరానికి ఆవల, 2,614 మీటర్ల లోతులో, మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ కెమెరాకు ఒక వింత జీవి చిక్కింది. ముందు గొడుగులా విచ్చుకునే పెద్ద ముసుగు, వెనుక వేళ్లలాంటి అంచులున్న తోక, లోపలి అవయవాలు కనబడేంత పారదర్శకమైన ఒళ్లు. బెదిరినప్పుడు దాని ఒంటి మీద చుక్కలు చుక్కలుగా సొంత వెలుగు పుడుతుంది. ఒకసారి అది తోక నుంచి వెలుగుతున్న ఒక వేలిని తెంచి వదిలేసింది. శత్రువు దృష్టి మళ్లించడానికి కావచ్చునని పరిశోధకుల అంచనా. ఇది నత్తల వర్గానికి చెందిన జీవి అని తేల్చి, బాతిడీవియస్ కాడాక్టిలస్ అని పేరు పెట్టడానికి 2024 దాకా పట్టింది. ఈ లోగా నూటయాభైకి పైగా సార్లు దాన్ని చూశారు, నమూనాలు సేకరించి జన్యువులు పరిశీలించారు. అంతకాలం అది నిజంగానే తెలియని జీవి. అయితే పేరు లేకపోవడం వేరు, వివరణకు అందకపోవడం వేరు.

కంప్యూటర్‌లో తయారుచేసిన వీడియోల గురించి చెప్పేది తక్కువే. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతులో, ఏ నౌక తీసిందో లేకపోతే పక్కన పెట్టేయండి. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో నీలంగా మెరిసిన అలలు మాత్రం నిజం. అది నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి పని.

ఇక మూడోది పాలసముద్రం. నిజంగా అంతుపట్టనిది ఏదంటే నా ఓటు దీనికే. 2019లో జావాకు దక్షిణాన లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే దాదాపు తెలంగాణ అంత మేర, సముద్రం రాత్రిపూట తెల్లగా వెలిగింది. ఉపగ్రహం దాన్ని పట్టింది. అదే సమయంలో ఆ నీటి మీదుగా వెళ్లిన గణేశ అనే పడవ సిబ్బంది చూసింది కూడా తర్వాత దానితో సరిపోయింది. వాళ్లు బకెట్‌తో నీళ్లు తోడితే అందులో వెలుగు చుక్కలు నిలకడగా కనిపించాయి, నీటిని కలియబెడితే ఆరిపోయాయి. నాక్టిల్యూకా ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, కదిలిస్తేనే వెలుగుతుంది. పాలసముద్రానికి కారణం వెలిగే బ్యాక్టీరియా అని భావిస్తున్నారు. అవి బాగా గుమిగూడినప్పుడు వెలుగుతాయన్నదీ తెలుసు. 1985లో అరేబియా సముద్రంలో ఒక పరిశోధన నౌకకు పాలసముద్రం నడుమ నమూనాలు దొరికాయి, వాటిలో విబ్రియో హార్వేయీ అనే బ్యాక్టీరియా ఉంది. కానీ అంత విస్తీర్ణంలో అవి ఒక్కసారిగా ఎందుకు పెరుగుతాయి, వారాల తరబడి ఎలా వెలుగుతాయి అన్నదానికి గట్టి జవాబు లేదు. ఉపగ్రహం ఆ వెలుగును పసిగట్టగానే సరైన పరికరాలున్న నౌక అక్కడికి చేరగలిగితే ఆ జవాబు దొరికే అవకాశం ఉంది.