పోర్టో నుంచి సాంతియాగో: సగం దారి దాకే సముద్రం

మా అక్కకి యాభై ఎనిమిదేళ్లు. తిరుమల మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో తనకే లెక్క లేదు. "ఇక్కడ మెట్లు ఎక్కే పనే లేదక్కా, సముద్రం పక్కనే చల్లగా నడుచుకుంటూ పోవడమే" అని ఊరించి పోర్చుగల్ తీసుకెళ్లింది నేనే. రెండో వారంలో ఆ మాట పట్టుకుని నన్ను బాగా ఏడిపించింది. పోర్టో నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకి వెళ్లే ఈ యాత్రాబాట పేరుకు తీరమార్గమే గానీ, స్పెయిన్ నగరం వీగో దాటాక సముద్రం మధ్యమధ్య తొంగిచూసి, పొంతెవేద్రా తర్వాత పూర్తిగా మాయమైపోతుంది.

క్రీస్తు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మే సాంతియాగో చర్చికి యూరప్ నలుమూలల నుంచీ కాలిబాటలున్నాయి. పోర్టో నుంచి తీరం వెంట వెళ్లేది దాదాపు 280 కిలోమీటర్లు. మేం మే నెలలో పదమూడు రోజుల్లో ముగించాం, అందులో ఒకరోజు విశ్రాంతి. పోర్చుగల్‌కీ స్పెయిన్‌కీ ఒకే షెంజెన్ వీసా సరిపోతుంది.

పోర్టో పెద్ద చర్చిలో దారిలో ఆగిన చోట్ల ముద్రలు వేయించుకునే యాత్రికుల పుస్తకం తీసుకుని మొదటి ముద్ర వేయించుకున్నాం. ఊళ్లో నడక ఎందుకులే అని మాటోజిన్యోస్ దాకా మెట్రోలో వెళ్లి అక్కణ్ణుంచి మొదలుపెట్టాం. అది మంచి పనే. ఇసుక దిబ్బల మీద చెక్కబాట కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. ఎడమవైపు అట్లాంటిక్. భీమిలిలో పుట్టి పెరిగిన అక్క ఉత్సాహంగా నీళ్లలో కాలు పెట్టి, "అమ్మో, ఫ్రిజ్ నీళ్లే ఇవి!" అని ఒక్క గంతులో వెనక్కి వచ్చింది. గాలి మాత్రం ఉత్తరం నుంచి నేరుగా మొహానికే కొడుతుంది. మనం వెళ్లేదీ ఉత్తరానికే కదా. టోపీకి తాడు లేకపోతే అది సముద్రం పాలే.

అపూలియా దగ్గర గాలిమరలు, ఇసుకలోనే కూరగాయల మళ్లు. సముద్రపు నాచు ఏరి ఎండబెట్టి ఎరువుగా వేయడం అక్కడ పాత పద్ధతి. మమ్మల్ని బాధపెట్టింది దూరం కాదు, పోర్చుగల్ ఊళ్లలోని రాళ్లు పరిచిన వీధులు. పలచటి అడుగున్న బూట్లు వేసుకుంటే సాయంత్రానికి అరికాళ్లు భగ్గుమంటాయి.

వియానా దో కాస్తెలోకి ఐఫెల్ కంపెనీ కట్టిన ఇనుప వంతెన మీదుగా చేరతాం. 1878 నాటిది. కింద రైళ్లు, పైన కార్లు, పక్కన మనిషి పట్టేంత సందు. లారీ వచ్చినప్పుడల్లా అక్క నా బ్యాగు పట్టుకుంది. ఊరు ఎంత బాగుందంటే విశ్రాంతి రోజు అక్కడే వాడేశాం. కొండ మీది సాంతా లుజియా చర్చికి కేబుల్ రైలు ఉంది, నడవక్కర్లేదు. ఈ దారిలో ఒక్క ఊళ్లోనే రెండు రాత్రులుండే వీలుంటే నా ఓటు దీనికే.

కామిన్యా దగ్గర మిన్యో నది దాటితే స్పెయిన్. పెద్ద ఫెర్రీ నడవడం లేదు, చిన్న మోటారు పడవలో పది నిమిషాల్లోపే అవతల దిగాం. గడియారం మాత్రం గంట ముందుకు పోయింది. ఆ సాయంత్రం ఓయాలో ఆగాం. అలలు గోడకు తగిలేంత దగ్గరగా పాత మఠం. 1624లో టర్కీ ఓడల మీద ఇక్కడి సన్యాసులే ఫిరంగులు పేల్చారని చెబుతారు. రాత్రి పదింటికి పొద్దుగుంకింది. అక్క ఆ పూట ఒక్క మాటా మాట్లాడలేదు. చాలామంది ఓయాని భోజనానికి ఆగే ఊరిగా చూసి బయోనాకి పరిగెడతారు. బయోనా కోట, కొలంబస్ అమెరికా చేరిన వార్త మోసుకొచ్చిన పింటా ఓడ నమూనా చూడదగ్గవే గానీ, అక్కడ గదుల రేట్లు ఎక్కువ. రాత్రి ఓయాలో, మధ్యాహ్నం బయోనాలో ఉండడం మేలు.

ఇక బస. స్పెయిన్‌లో ఈ దారి సాగే ప్రాంతం గెలీషియా. అక్కడి ప్రభుత్వ సత్రాల్లో మంచానికి పది యూరోలు. బుకింగ్ లేదు, ముందొచ్చినవాళ్లకి ముందు. మధ్యాహ్నం ఒంటిగంటకి తీస్తారు, రాత్రి పదికి దీపాలార్పేస్తారు. శుభ్రం బాగుంది. వంటగది చూసి అక్క మురిసిపోయింది, తీరా చూస్తే పొయ్యి ఉంది గానీ ఒక్క గిన్నె లేదు! చిన్న గిన్నె మోసుకెళ్లండి. గురకలు సరేసరి. మూడు రాత్రులయ్యాక మేం ప్రైవేటు గదులకు మారాం, ఇద్దరికీ 60, 70 యూరోలయ్యేది. ఒకచోట ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వెళ్తే, మా గది వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. కాళ్లు బొబ్బలెక్కిన సాయంత్రం ఆ మాట వింటే ఎలా ఉంటుందో! డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటినుంచి ప్రతి ఉదయం ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే బయల్దేరాం. బ్యాగులు తర్వాతి ఊరికి చేర్చే సర్వీసు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. వీగో తర్వాత అక్క బ్యాగు అలాగే పంపాం.

అక్క గుడ్డు కూడా ముట్టదు, కాబట్టి తిండి పెద్ద టెన్షనే. ఆకుకూర సూప్ శాకాహారమే అనుకుంటాం, అందులో సాసేజ్ ముక్క తేలుతుంది. ముందే చెప్పాలి. రొట్టె, జున్ను, పళ్లు, మేం తీసుకెళ్లిన కందిపొడి మమ్మల్ని గట్టెక్కించాయి. పద్రోన్‌లో నూనెలో వేయించి ఉప్పు చల్లిన పచ్చిమిరపకాయలు పెట్టారు. కొన్ని కారం, కొన్ని చప్పన అని పేరు. అక్క పళ్లెం ఖాళీ చేసి, "వీటికి కారమెక్కడిదే, మన బజ్జీ మిరపకాయలే నయం" అంది.

యాత్ర పూర్తి చేశారని సాంతియాగోలో ఇచ్చే పత్రం మాత్రమే కావాలంటే వీగో నుంచి నడిచినా చాలు. చివరి 100 కిలోమీటర్లలో రోజుకు రెండు ముద్రలుండాలి. కానీ సముద్రం కోసమైతే పోర్టో నుంచి వీగో దాకా నడిచి, అక్కడ రైలెక్కేయమంటాను. వీగో తర్వాత యూకలిప్టస్ తోటలు, హైవే పక్క దారులు, గుంపులు. యాకోబు పండుగ జూలై 25 ఆదివారం వచ్చే ఏడు అక్కడ పుణ్య సంవత్సరం, 2027 అలాంటిదే. ఆ ఏడు గుంపులు ఇంకా ఎక్కువ.

సాంతియాగో చర్చి ముందు రాళ్ల మీద అందరూ కూలబడి ఉన్నారు. మేమూ కూలబడ్డాం. చర్చిలో తాడుకు వేలాడదీసి ఊపే పెద్ద ధూపపాత్ర రోజూ ఊగదు, మాకు ఆ భాగ్యం దక్కలేదు. అక్క బూట్లు విప్పి, బొబ్బలు చూసుకుని, "ఏమే, సముద్రం కనిపించే ఊరికి ఇక్కణ్ణుంచి బస్సుందేమో కనుక్కో" అంది. మర్నాడు పొద్దున్నే ఫినిస్టెర్రే బస్సెక్కాం.