జాగ్రత్త: మాల్దీవుల వాటర్ విల్లా ప్యాకేజీలో దెబ్బ తగిలేది మాలే దాటాకే

నీటి మీద విల్లాలో నాలుగు రోజులు ఉండాలి, కానీ గంటల తరబడి విమానంలో కూర్చోలేం అనుకునేవాళ్లు చివరికి మాల్దీవుల దగ్గరే ఆగుతారు. పసిఫిక్‌లోని బోరా బోరాకు రెండు మూడు విమానాలు మారాలి. మాల్దీవులకైతే దక్షిణాది నగరాల నుంచి నేరుగా వెళ్లే విమానంలో రెండు గంటలు, అటూ ఇటూగా. ఆ లెక్క నిజమే. అయితే ఆ విమానం మిమ్మల్ని దింపేది రాజధాని మాలే పక్కనున్న వెలానా విమానాశ్రయంలో. అక్కడి నుంచి విల్లా దాకా ఇంకో ప్రయాణం ఉంటుంది. రోజు వృథా అయ్యేదీ, డబ్బు అయిపోయేదీ ఆ రెండో ప్రయాణంలోనే. దాని గురించి ఒక్క ముక్క చెప్పకుండా అమ్మే ప్యాకేజీలు చాలా తిరుగుతున్నాయి. అడ్వాన్స్ కట్టేముందు ఇది పూర్తిగా చదవండి.

జరిగేది ఇలా ఉంటుంది. "4 రాత్రులు, వాటర్ విల్లా, సీప్లేన్‌తో సహా" అని కొటేషన్ వస్తుంది. విమానం టికెట్ చౌకగా దొరికిందని సాయంత్రం నాలుగున్నరకు దిగేది బుక్ చేస్తారు. సీప్లేన్ పైలట్లు కంటితో చూసుకుంటూ సముద్రం మీద దింపాలి కాబట్టి పగటి వెలుతురులోనే నడుపుతారు. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఆరు ప్రాంతంలో చీకటి పడుతుంది. ఇమిగ్రేషన్, సామాను, సీప్లేన్ టెర్మినల్‌కు బస్సు, చెకిన్, ఇవన్నీ కలుపుకుంటే మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగినవాళ్లకు ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టం. ఇక ఆ రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలే ద్వీపంలో హోటల్ గది సొంత ఖర్చుతో. విల్లాలో ఆ రాత్రికి కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు, ఎందుకంటే రిసార్ట్ లెక్కలో గది మీ కోసం ఖాళీగా ఉంచారు, మీరు రాలేదు. ఈ చిక్కు ముందే తెలిసిన ఏజెంట్లు ఇంకో పని చేస్తారు: మొదటి రాత్రి హుల్హుమాలే గెస్ట్‌హౌస్‌లో వేసి, దాన్ని కూడా నాలుగు రాత్రుల్లో కలిపేస్తారు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు. తెల్లారకముందు సీప్లేన్ ఎగరదు. మాలే నుంచి ఉదయం తొమ్మిది లోపు బయల్దేరే విమానం తీసుకుంటే చివరి రాత్రి కూడా విల్లాలో ఉండదు, మాలేలోనే. రెండు వైపులా సమయాలు తప్పుగా పడితే నాలుగు రాత్రుల్లో నీటి మీద గడిపేది రెండే. అందుకే ముందు రిసార్ట్‌కు చేరే దారి తేల్చుకుని, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

సీప్లేన్ గురించి ఇంకొన్ని సంగతులు. అది పదిహేను మంది పట్టే ట్విన్ ఒట్టర్ అనే చిన్న విమానం. పెద్ద సామాను 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు, అంతే. అంతర్జాతీయ విమానంలో 30 కిలోలు తెచ్చుకున్నవాళ్లు తేడాకు కిలో చొప్పున కట్టాలి. మీ సమయం ముందు రోజు సాయంత్రానికి గానీ ఖరారు కాదు. దారిలో వేరే రిసార్టుల దగ్గర కూడా దిగుతుంది. అందుచేత "35 నిమిషాల ప్రయాణం" అన్న మాట నమ్మి లెక్క వేయకండి, లాంజ్‌లో రెండు మూడు గంటలు కూర్చోవాల్సి రావచ్చు. వాన పట్టిందంటే ఆ నిరీక్షణ ఇంకా సాగుతుంది.

ప్రయాణం తక్కువ ఉండాలన్నదే మీ పట్టుదల అయితే నార్త్ మాలే, సౌత్ మాలే అటోల్‌లలో (అటోల్ అంటే పగడపు ద్వీపాల గుంపు) స్పీడ్‌బోట్‌తో చేరే రిసార్ట్ చూడండి. విమానాశ్రయం బయటే బోటు ఎక్కితే పావుగంట నుంచి గంట లోపు చేరొచ్చు, చాలా రిసార్టులు రాత్రి కూడా బోటు నడుపుతాయి. రాత్రి పూటకు అదనపు ఛార్జీ ఉందా అని మాత్రం అడగండి. అరి, బా, రా, నూను అటోల్‌లకు ఎక్కువగా సీప్లేనే దిక్కు. దక్షిణాన గాఫు అటోల్ వైపు అయితే కూడ్డూకు సుమారు గంట దేశీయ విమానం, ఆపైన బోటు. దేశీయ విమానాలు చీకటి పడ్డాక కూడా ఉంటాయి కాబట్టి సాయంత్రం దిగేవాళ్లకు అది పనికొచ్చే దారే, కానీ దగ్గర ప్రయాణం అని మాత్రం అనలేం.

ఇక డబ్బు. రేటు పక్కన "ప్లస్ ప్లస్" అని ఉంటే అసలు ధర ఇంకా మొదలవలేదని అర్థం. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జ్. రెండోది పర్యాటక జీఎస్టీ, 2025 జులై 1 నుంచి 17 శాతం. జీఎస్టీని సర్వీస్ ఛార్జ్ కలిపిన మొత్తం మీద వేస్తారు కాబట్టి రెండూ కలిసి 27 కాదు, 28.7 శాతం అవుతుంది. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్: 2025 జనవరి 1 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, రెండేళ్ల లోపు పిల్లలకు లేదు. పాత కరపత్రాల్లో 6 డాలర్లనే ఉంటుంది, అది పట్టుకుని కూర్చోకండి.

ఉదాహరణకు రాత్రికి 400 డాలర్లు ప్లస్ ప్లస్ అనుకుందాం. సర్వీస్ ఛార్జ్‌తో 440, జీఎస్టీతో 514.80, ఇద్దరి గ్రీన్ ట్యాక్స్ 24 కలిపితే 538.80. నాలుగు రాత్రులకు 2,155.20. సీప్లేన్ రానుపోను మనిషికి 450 అనుకుంటే ఇంకో 900. మొత్తం 3,055.20. ఏజెంటు మొదట చూపించింది 1,600. అంటే దాదాపు రెట్టింపు, ఇందులో భోజనం ఇంకా లేదు. రిసార్ట్ ద్వీపంలో ఆ రిసార్ట్ తప్ప వేరే తిండి దొరకదు. హాఫ్ బోర్డ్ అంటే పొద్దున, రాత్రి మాత్రమే, మధ్యాహ్నం తిన్నదానికీ చాలాచోట్ల మంచినీళ్ల సీసాకూ కూడా వేరే బిల్లు, దాని మీద మళ్లీ అదే 28.7 శాతం. పిల్లలున్నవాళ్లు ఫుల్ బోర్డ్ (మూడు పూటల భోజనం) కన్నా తక్కువ తీసుకోవద్దు. డిసెంబర్ 24, 31 రాత్రులు మీ బసలో పడితే గాలా డిన్నర్ (పండగ విందు) తప్పనిసరి ఛార్జీ ఉందేమో విడిగా అడగండి. వద్దన్నా వదలరు.

ఇప్పుడు విల్లా సంగతి, ఎక్కువ నిరాశ ఇక్కడే. "లగూన్ వ్యూ", "ఓషన్ వ్యూ" అన్నంత మాత్రాన వాటర్ విల్లాలు కావు. ఒడ్డున ఉండి సముద్రం కనిపించే గదులు కావచ్చు. "ఓవర్‌వాటర్" లేదా "వాటర్ విల్లా" అన్న మాట గది రకం పేరులోనే ఉండాలి, వర్ణనలో ఉంటే సరిపోదు. రెండు రాత్రులు బీచ్ విల్లా, రెండు రాత్రులు వాటర్ విల్లా కలిపి అమ్మే ప్యాకేజీలు బాగానే ఉంటాయి, కాకపోతే ఫొటోలన్నీ వాటర్ విల్లావే పెట్టి ఆ విషయాన్ని చిన్న అక్షరాల్లో దాస్తారు. రాత్రికి ఏ గది అన్నది తేదీల వారీగా రాయించుకోండి.

విల్లా నుంచి నేరుగా నీళ్లలోకి మెట్లు ఉన్నాయా, మెట్ల కింద పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, ఎంత లోతు ఉంటుంది అనేది ఎవరూ అడగని ప్రశ్న. ఫొటోల్లో మెరిసే లేత నీలం అంటే అడుగున తెల్ల ఇసుక, నీళ్లు తక్కువ. చూడ్డానికి అందం, పిల్లలకు క్షేమం, కానీ చేపలూ పగడాలూ పెద్దగా ఉండవు. కొన్నిచోట్ల పాటులో మోకాళ్ల దాకా కూడా నీళ్లుండవు. చేపలు కావాలంటే విల్లాలు రీఫ్ (పగడపు దిబ్బ) అంచుకు దగ్గరగా ఉండాలి, అప్పుడు లోతూ ప్రవాహమూ రెండూ ఎక్కువే, ఈత రానివాళ్లకు అది చోటు కాదు. గూగుల్ ఎర్త్‌లో రిసార్ట్ ద్వీపం తెరిచి విల్లాల వరుస నుంచి నీలం ఒక్కసారిగా ముదిరే గీత దాకా కొలత తీయండి. ఎన్ని మీటర్లు ఈదాలో తెలిసిపోతుంది. పక్కన ఇసుక పోసి కొత్త ద్వీపం కడుతున్నారా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. 2016లోనూ 2024లోనూ సముద్రం వేడెక్కి మాల్దీవుల పగడాలు చాలా తెల్లబడ్డాయి, కాబట్టి పాత వీడియోల్లోని రంగులు చూసి రీఫ్ మీద ఆశ పెట్టుకోవద్దు. గత ఆరు నెలల్లో వెళ్లినవాళ్ల ఫొటోలే చూడండి.

సన్‌సెట్ విల్లాకు ఎక్కువ డబ్బు తీసుకుంటారు. మే నుంచి అక్టోబర్ దాకా గాలి నైరుతి, పడమర నుంచి వీస్తుంది. అంటే ఆ నెలల్లో పడమటి వైపు విల్లాకే గాలీ అలల తాకిడీ ఎక్కువ, మెట్ల దగ్గర దిగలేని రోజులుంటాయి, మబ్బుల వల్ల సూర్యాస్తమయమూ చాలాసార్లు కనిపించదు. అదే కాలంలో తూర్పు వైపు చౌక విల్లా ముందు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యపు గాలి కాబట్టి లెక్క తిరగబడుతుంది. జూన్, జులైలో సన్‌సెట్ విల్లాకు అదనంగా కట్టమంటే వద్దనడమే మంచిది.

చిన్నపిల్లల విషయం రాతపూర్వకంగా తేల్చుకోండి. విల్లా ముందు నీటి మీదుండే డెక్‌కు చాలాచోట్ల కటకటాలు ఉండవు కాబట్టి కొన్ని రిసార్టులు ఓ వయసులోపు పిల్లలను వాటర్ విల్లాలో అసలు ఉంచనివ్వవు, కొన్ని బాధ్యత మీదేనని సంతకం తీసుకుంటాయి. అక్కడికి చేరాక బీచ్ విల్లాకు మార్చేస్తే ధర తేడా అడగడానికి మీ చేతిలో ఆధారం ఉండదు.

బుకింగ్ నిజమా కాదా తెలుసుకోవడం తేలిక. ఏజెంటు ఇచ్చిన కన్ఫర్మేషన్ నంబర్‌తో రిసార్ట్ రిజర్వేషన్ విభాగానికి మీరే మెయిల్ రాయండి. చిరునామా రిసార్ట్ సొంత సైట్ నుంచి తీసుకోండి, ఏజెంటు ఇచ్చింది వద్దు. అడగాల్సినవి: గది రకం, ఏ తేదీల్లో, భోజనం ఏది, ట్రాన్స్‌ఫర్ కలిసి ఉందా, పన్నులన్నీ కలిసి ఉన్నాయా, డబ్బు చేరిందా. మధ్యలో ఇంకో హోల్‌సేలర్ ఉంటే ధర చెప్పరు, మిగతావి చెబుతారు. గది పట్టి ఉంచడం వేరు, డబ్బు కట్టడం వేరు. గడువులోగా డబ్బు చేరకపోతే రిసార్ట్ ఆ గది వదిలేస్తుంది, మీకు ఆ సంగతి విమానాశ్రయంలో తెలుస్తుంది. ఏజెంటు టీసీఎస్ (విదేశీ టూర్ ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పేరుతో వసూలు చేస్తే అది ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో మీ పాన్ మీద కనిపించాలి. కొన్ని నెలలైనా కనిపించలేదంటే ఏజెంటును అడగండి.

వెళ్లేముందు నింపాల్సిన ఐముగా ప్రయాణికుల డిక్లరేషన్ ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ప్రయాణానికి 96 గంటల లోపు నింపాలి. ఇందుకు డబ్బు అడిగే సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు. మద్యం, పంది మాంసం, ఈ సిగరెట్లు, పూజకు పెట్టుకునే విగ్రహాలు సామానులో ఉండకూడదు.

విల్లా చేరాక కొన్నది కాకుండా వేరే గది ఇస్తే పెట్టె విప్పకండి. ఫొటోలు తీసి, రిసెప్షన్‌లో రిసార్ట్ మీకు పంపిన జవాబు మెయిల్ చూపించి, మేనేజర్‌తో మాట్లాడి, అదే రోజు ఏజెంటుకూ మెయిల్ పెట్టండి. చెకిన్‌లో ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు మీద గది రకం రాసి ఉందేమో చూడండి. అది మీరు డబ్బు కట్టిన రకం కాకపోతే సంతకం చేయకుండా అక్కడే తేల్చుకోండి, తర్వాత రీఫండ్ అడిగినప్పుడు ఏజెంటు ముందుగా చూపించేది ఆ సంతకాన్నే.