పాత మిద్దె, అపార్టుమెంటు డాబా, కొండ: నెల్లూరును ఎక్కడి నుంచి చూస్తే మేలు?

మా మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. 2014లో ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది రష్యా, ఇంకొకడిది ఉక్రెయిన్, అప్పటికింకా పూర్తికాని షాంఘై టవర్ ఎక్కి దాని నెత్తిన ఉన్న క్రేను కొస దాకా పాకుతారు. మేఘాలు వాళ్ల కాళ్ల కింద ఉంటాయి. చూస్తుంటే నాకు అరికాళ్లు జిల్లుమన్నాయి. వాడికి మాత్రం నోరూరింది. "మామయ్యా, నువ్వూ డాబాలెక్కి తిరుగుతావు కదా, మన ఊళ్లో ఇలా ఎక్కాలంటే ఏది మేలు?" అన్నాడు.

నా పిచ్చి వాడికి తెలుసు. ఎవరింటికి భోజనానికి పిలిచినా, చేయి కడుక్కోగానే "పైకి మెట్లెటు?" అని అడిగే మనిషిని. ఇదేమీ కొత్త పిచ్చి కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ కప్పుల మీదికి ఏ గొట్టం పట్టుకుని ఎలా ఎక్కాలో చెప్పే చిన్న పుస్తకం 1899లోనే, రాసినవారి పేరు లేకుండా వచ్చింది. రాత్రిళ్లు దొంగల్లా కప్పులెక్కే విద్యార్థుల కోసం రాసిందది. మనకు గొట్టాలు పట్టుకునే అవసరం లేదు. ఇళ్లన్నీ చదును కప్పులే, మెట్లు కట్టే ఉంటాయి. అడగడానికి మొహమాటపడకుంటే చాలు.

నెల్లూరులో ఎత్తు కావాలంటే నాలుగు దారులున్నాయి: మూలాపేట, రంగనాయకులపేటల్లోని పాత మిద్దెలు, మాగుంట లేఅవుట్ వైపు అపార్టుమెంట్లు, సగంలో ఆగిపోయిన కట్టడాలు, ఊరి బయటి కొండలు. వీటిలో మేనల్లుడి కన్ను పడింది మూడోదాని మీద. కాబట్టి దాని సంగతి ముందే తేల్చేస్తాను.

వద్దు. పిట్టగోడ ఉండదు. లిఫ్టు గుంత మీద ఎప్పుడో కప్పిన సెంట్రింగ్ చెక్క నాని మెత్తబడి ఉంటుంది, పైన దుమ్ము పట్టి నేలలాగే కనిపిస్తుంది. కాలు జారితే పట్టుకోవడానికి తుప్పుపట్టిన చువ్వలు తప్ప ఏమీ ఉండవు, అరిచినా వినేవాళ్లుండరు. పోనీ కట్టడం పూర్తయినదే అనుకున్నా, ఈ విద్యలో ఆరితేరిన ఊ యోంగ్‌నింగ్ అనే చైనా యువకుడు 2017 నవంబరులో చాంగ్‌షా నగరంలో 62 అంతస్తుల భవనం అంచుకు వేలాడుతూ పట్టు తప్పి పోయాడు. ఆయన వీడియోలు లక్షల మంది చూసేవారు. పడిపోతున్నప్పుడు పట్టుకోవడానికి వాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. చట్టం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను అక్రమ ప్రవేశానికి మూడు నెలల దాకా, మనుషులుండే ఇంట్లోకో సామాను దాచుకునే కట్టడంలోకో అయితే ఏడాది దాకా జైలు చెబుతుంది. అది నేరం కావాలంటే నేరం చేసే, బెదిరించే, అవమానించే, వేధించే ఉద్దేశం ఉండాలి, కానీ ఉందా లేదా అన్నది కోర్టులో తేలాల్సిన మాట. అప్పటి దాకా స్టేషను బల్ల మీద కూర్చోవాల్సింది మనమే.

ఇక అపార్టుమెంటు. ఎత్తు కావాలి, మెట్లెక్కే ఓపిక లేదు అంటే ఇదే సుఖం. లిఫ్టులో పోవచ్చు. కానీ పైకి వెళ్లాక తెలుస్తుంది, ఎత్తు ఒక్కటే చాలదని. ఐదో అంతస్తు డాబా మీద కనిపించేది పక్క ఐదో అంతస్తు డాబా. నల్లటి నీళ్ల ట్యాంకులు, డిష్ గొడుగులు, ఎవరో ఆరేసి మరిచిపోయిన దుప్పటి. "సముద్రం కనిపిస్తుందా?" అని మావాడు అడిగాడు. లెక్క చెప్పాను. కళ్లు నేలకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నాయో దాని వర్గమూలాన్ని మూడున్నరతో హెచ్చవేస్తే, నేల, ఆకాశం కలిసే గీత ఇంచుమించు అన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 16 మీటర్ల డాబా నుంచి 14 కిలోమీటర్లు. మైపాడు సముద్రతీరం మనకు 25 కిలోమీటర్ల దాకా ఉంది, అంటే దాదాపు 50 మీటర్లు, పదిహేను పదహారు అంతస్తులు ఎక్కాలి. దారిలో కొబ్బరి, సరుగుడు తోపులు అడ్డం రాకపోతేనే. ఒంగోలు వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. కొత్తపట్నం తీరం వాళ్ల ఊరికి 18 కిలోమీటర్లే కాబట్టి లెక్క ప్రకారం ఎనిమిదంతస్తులు చాలు.

అపార్టుమెంటులో చూసుకోవాల్సినవి రెండు. మొదటిది పిట్టగోడ. జాతీయ భవన నిర్మాణ నియమావళి కనీసం ఒక మీటరు ఎత్తుండాలంటుంది. నాకది నడుము దగ్గరికి వస్తుంది, అందుకే పైకి వెళ్లగానే గోడ పక్కన నిలబడి నడుముతో కొలుచుకుంటాను. గోడ తొడ దగ్గరే ఆగిపోతే అటు వైపు వెళ్లను. వీధి వైపు 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల కరెంటు తీగ పోతుంటే అది గోడకు కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. తీగ ముందు పుట్టిందో, బాల్కనీ ముందు పుట్టిందో గాని, చేయి చాస్తే అందేలా ఉన్నవి నేను రెండు చోట్ల చూశాను. గాలిపటం తీయబోయి కర్ర చాపేది ఇలాంటి చోటే.

రెండోది తలుపు. ఒక స్నేహితుడి అపార్టుమెంటు పైకి రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాను, పౌర్ణమి చూద్దామని. పది గంటలకు వాచ్‌మన్ అలవాటు ప్రకారం మెట్లగది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి దిగిపోయాడు. ఫోనులో నాలుగు శాతం చార్జింగు. స్నేహితుడికి చేస్తే, నిద్రపోతే ఫోను ఆపేసే మనిషి ఆయన. మిగిలిన రాత్రంతా నేనూ, నెల్లూరు దోమలూ. పగలంతా కాగిన ట్యాంకు గోడ తెల్లవారుజాము దాకా వెచ్చగానే ఉంటుందని ఆ రాత్రే తెలిసింది, వీపు ఆనించి కూర్చున్నాను కనుక. అయిదింటికి పాలవాడి సైకిలు గంట వినిపించాక పై నుంచి కేక వేస్తే గాని విముక్తి లేదు. ఇప్పుడు ఎక్కేముందు వాచ్‌మన్‌కు చెప్పి ఎక్కుతాను. చెప్పకుండా ఎక్కడంలో సాహసమేమీ లేదు, దోమలే ఉన్నాయి.

నా ఓటు పాత మిద్దెకే. రెండంతస్తులే, ఒక్కోసారి ఒక్కటే. ఇంజనీర్లు దీన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాలు పరిచి, వాటి మీద సన్నటి ఇటుకలను సున్నంలో నిలువుగా, ఐమూలగా పేరుస్తారు. ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరుస్తారు. చివర పలక పెంకులు. మే నెలలో కూడా పొద్దు వాలాక దాని మీద వట్టి కాళ్లతో నడవవచ్చు. సిమెంటు డాబా మీద ఆ ధైర్యం చేయను. అలాంటి కప్పు మీద నిలబడితే రంగనాయకస్వామి గాలిగోపురం నెత్తిన కాదు, ఎదురుగా ఉంటుంది. గూళ్లలో దూరే పావురాలు, బొమ్మల చేతివేళ్లు, దాని వెనక పెన్న. అపార్టుమెంటు నుంచి అదే గోపురం ట్యాంకుల మధ్య మరో ట్యాంకులా ఉంటుంది.

ప్రమాదం లేదనను. దూలానికి చెద పడితే పై నుంచి ఏమీ తెలియదు, పెంకులు చక్కగానే ఉంటాయి. కార్తీకం వానలకు పాచి పడితే చెప్పులూ పనికిరావు. ఎక్కడ అడుగు వేయకూడదో ఆ ఇంటివాళ్లకే తెలుసు. మూలాపేటలో ఒక అవ్వ ఉంది. మొదటిసారి అడిగినప్పుడు ఎగాదిగా చూసింది.

"పైన ఏం పనయ్యా నీకు?"

"గోపురం చూసి దిగుతానవ్వా."

"గుడికి పోయి చూడరాదా?" అంది, తర్వాత మనసు మార్చుకుంది. "చెప్పులు కింద వదులు. వడియాలు పెట్టాను, తొక్కేవు. తూర్పు మూలకు మాత్రం వెళ్లకు, అక్కడ దూలం పుచ్చింది."

దొంగతనంగా ఎక్కితే ఆ చివరి మాట ఎవరు చెబుతారు?

కొండ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని మిద్దెతో పోల్చడం కొంచెం అన్యాయం. నరసింహకొండ ఊరికి 15 కిలోమీటర్లు, పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, మెట్లూ ఉన్నాయి. కశ్యపుడు యజ్ఞం చేసిన వేదగిరి ఇదేనంటుంది స్థలపురాణం. పైనుంచి పెన్న మెలికలు, పచ్చటి వరి మళ్లు, వాన వెలిసిన రోజు పడమట వెలికొండలు నీలిగీతలా కనిపిస్తాయి. ఎవరినీ అడగక్కర్లేదు, వేలాడక్కర్లేదు. మావాడి వయసుకు ఒళ్లు అలవాలంటే ఉదయగిరి దుర్గం ఉంది. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి ఏడాదికి పైగా ముట్టడించి గాని పట్టుకోలేకపోయిన కొండ, 900 మీటర్లకు పైమాట. శిథిలమైన కోటగోడలు, మసీదు ఉంటాయి, నీళ్లు మాత్రం మనమే మోసుకుపోవాలి. అక్కడికి చలికాలంలో, నలుగురు కలిసి పొద్దున్నే బయలుదేరితే బాగుంటుంది. అయితే కొండ మీద నుంచి ఊరు బొమ్మలా ఉంటుంది, మనుషులు కనబడరు. నాకు కావలసింది మనుషులు కనబడే ఎత్తు.

ఇదంతా చెప్పినా మావాడికి మిద్దె అంటే చప్పగా అనిపించింది. "రెండంతస్తులే కదా!" అన్నాడు. మరునాడు సాయంత్రం అవ్వ ఇంటికి తీసుకెళ్లాను. వాడు ఫోను పైకెత్తి గోపురాన్ని వెనక పెట్టుకుని తన ఫొటో తీసుకోబోతుండగా పడమటి గాలి లేచింది. వాన దూరాన వస్తుండగానే కనిపించింది. ముందు ఊరి అంచున బూడిదరంగు తెర, తర్వాత ఒక్కో కప్పూ నల్లబడుతూ మా వైపు. కింది నుంచి అవ్వ గొంతు.

"ఒరే అబ్బాయ్, ఆ ఫోను తర్వాత! ముందు వడియాల చాప దించండి!"

చాప ఆ కొస వాడు పట్టుకున్నాడు, ఈ కొస నేను. మొదటి చినుకు పెంకు మీద పడి సుర్రుమంది. వాడు తూర్పు మూల వైపు ఒకసారి చూసి, అటు తప్పించుకుని, వెనకడుగులతో మెట్ల వైపు నడిచాడు.