ఫోర్ట్ వైల్డర్‌నెస్ భోజనాల ప్లాన్: నచ్చింది మగ్గు ఒక్కటే అనను కానీ...

అమెరికాలో పిల్లలున్న మిర్యాలగూడ వాళ్లు కనిపించినప్పుడల్లా నన్ను అడిగేది ఇదే: డిస్నీలో ముందే డబ్బు కట్టే భోజనాల ప్లాన్ తీసుకోమంటారా, వద్దంటారా అని. మా పెద్దమ్మాయి వాళ్లుండేది అట్లాంటాలో. చలికాలం సెలవులకు ఫ్లోరిడా పోతే హోటల్ గది తీసుకోరు, డిస్నీ వరల్డ్ లోపలే ఉన్న ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాంపు గ్రౌండులో డేరా వేస్తారు. మేం అక్కడ ఉన్నప్పుడల్లా మమ్మల్నీ, మా వియ్యాలవారినీ కారెక్కించుకుని పోతారు. కరోనాకు ఆగిపోయిన ఈ ప్లాన్ 2024 జనవరిలో మళ్లీ మొదలైంది. అప్పటి నుంచి మేం దాన్ని తీసుకుని ఉన్నాం, తీసుకోకుండానూ ఉన్నాం. కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

ముందు మగ్గు సంగతి. ప్లాన్ తీసుకున్న ప్రతి మనిషికీ ఒక ప్లాస్టిక్ మగ్గు ఇస్తారు, మూత, పిడి ఉన్నది. క్యాంపులో ఉన్నన్ని రోజులూ కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, పిల్లలకు హాట్ చాక్లెట్ మిషన్ల దగ్గర ఎన్నిసార్లైనా పట్టుకోవచ్చు. మొదట చూసినప్పుడు ఇదేం పెద్ద విశేషం అనుకున్నా. డేరాలో తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చి, దుప్పటి తీస్తే చలి, స్టవ్ వెలిగిస్తే పిల్లలు లేస్తారన్న భయం ఉన్నప్పుడు గానీ దాని విలువ తెలియలేదు. మా ఆయన రెండు చేతుల్లో రెండు మగ్గులు పట్టుకుని నడకకు పోయేవాడు. వచ్చేటప్పుడు ఒకదాంట్లో టీ, ఇంకోదాంట్లో ఉత్త వేడినీళ్లు. ఆ టీ గురించి ఆయన మాట: "గిది చాయ్ ఎట్లయితది, మరగనే మరగలే, రంగునీళ్లు." అందుకే వేడినీళ్లు. మేం తీసుకెళ్లిన పాలపొడి, చక్కెర, కాఫీ పొడి వేసి గిలక్కొట్టి తాగేవాళ్లం. దారిలో జింకలు కనబడ్డాయని, ఆర్మడిల్లో అడ్డం వచ్చిందని రోజుకో కబురు కూడా తెచ్చేవాడు.

ఒక శనివారం మాత్రం ఈ మగ్గుకు దండం పెట్టినంత పని చేశాను. మా ఆయనకూ, మా వియ్యపురాలికీ శనివారం ఒక్కపొద్దు. పగలు పండ్లు, రాత్రి ఏదో ఒక పలారం. గుడ్డు తగిలిందన్న అనుమానం ఉన్నా ముట్టరు. ఆ రోజు రాత్రికి సైటు దగ్గరే కుక్కర్‌లో రవ్వ కిచిడీ చేద్దామని అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నా. డిస్నీ పార్కు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. వస్తూనే గాలి, ఆ వెనకే వాన. మన దగ్గర వడగండ్లు పడే ముందు లేచే గాలి లాంటిదే, కాకపోతే చల్లగా కోస్తుంది. ప్రతి సైటుకూ బొగ్గుల గ్రిల్లు, బల్ల, నీళ్ల కొళాయి, కరెంటు పెట్టె ఉంటాయి గానీ అన్నీ ఆకాశం కిందే కదా. బొగ్గులు తడిసిపోయాయి. కరెంటు పెట్టె నుంచి వానలో తీగ లాగి కుక్కర్ పెట్టడానికి అల్లుడు ససేమిరా అన్నాడు, అది సరైన మాటే. డేరాలోపల స్టవ్ వెలిగించే ప్రశ్నే లేదు.

ప్లాన్ ఉంది కదా, పోయి తినొచ్చు కదా అంటారు. అల్లుడూ అమ్మాయీ పిల్లలకూ, నాకూ, వియ్యంకుడికీ తెచ్చారు కూడా. ఆ ఒక్కపొద్దు ఇద్దరికే వచ్చింది చిక్కు. అప్పుడు మా వియ్యపురాలు సంచిలోంచి అటుకుల డబ్బా తీసింది. ఆవిడది పాలమూరు, ఏ ప్రయాణమైనా అటుకులు, పుట్నాల పొడి, ఎండుకొబ్బరి లేకుండా కదలదు. "వదినె, వేడినీళ్లుంటే సాలు, నేన్జూస్కుంట" అంది. అల్లుడు గొడుగేసుకుని పోయి నాలుగు మగ్గుల నిండా వేడినీళ్లు తెచ్చాడు. నేను అమ్మాయి వాళ్లింట్లో దోరగా వేయించి, ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి డబ్బాకెత్తిన ఉప్మా రవ్వ తెచ్చుకున్నా. రెండు మగ్గుల్లో రవ్వ, రెండింట్లో అటుకులు వేసి మూతలు బిగించి, పైన తువ్వాలు చుట్టి పెట్టాం. నిజం చెప్పాలంటే రవ్వ సగమే ఉడికింది, పంటి కింద కరకరలాడింది. ఆ మిషన్ నీళ్లు వేడే గానీ మరిగే నీళ్లు కావు. అటుకులు మాత్రం నీళ్లు పీల్చి పువ్వుల్లా విచ్చుకున్నాయి. వాటిని వంచేసి, పొడీ, కొబ్బరీ, ఇంత నిమ్మకాయ రసం కలిపితే ఆ వానలో, ఆ డేరా లైటు వెలుగులో, మా ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. వాసనకు మనవడు కూడా తన బర్గర్ పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. సేమియా అయితే ఇంకా బాగా మెత్తబడుతుందని ఆ తర్వాత తెలిసింది. ఇప్పుడు వేయించిన సన్న సేమియానే తీసుకెళ్తాం.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ మగ్గు కోసం ప్లాన్ కొనక్కర్లేదు. విడిగా అమ్ముతారు, ఇరవై డాలర్ల పైచిలుకు. పైగా అది పార్కుల లోపల పనిచేయదు, అక్కడ నింపే ఏర్పాటే లేదు. క్యాంపులోనో, వాళ్ల ఇతర హోటళ్లలోనో పట్టుకోవాలి. కాబట్టి నేను పొగిడిన పొగడ్త సగం ప్లాన్‌కు చెందదు, మగ్గుకే చెందుతుంది.

ఇక భోజనాల లెక్క. చిన్న ప్లాన్ ఉంది, పెద్ద ప్లాన్ ఉంది. చిన్నదాంట్లో ఉన్న ప్రతి రాత్రికీ మనిషికి రెండు కౌంటర్ భోజనాలు, అంటే కౌంటర్ దగ్గర అడిగి తెచ్చుకునేవి, ఒక చిరుతిండి. పెద్దదాంట్లో ఒక కౌంటర్ భోజనం, ఒకటి కూర్చుంటే వాళ్లే వడ్డించేది, ఒక చిరుతిండి. రోజులకు కాదు, రాత్రులకు లెక్క. 2024లో మొదలైనప్పుడు చిన్న ప్లాన్ పెద్దవాళ్లకు రాత్రికి 57.01 డాలర్లు, మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 23.83. పెద్ద ప్లాన్ 94.28, పిల్లలకు 29.69. తర్వాత పెద్దల ధరలు పెరిగాయి. పదేళ్లు నిండితే పెద్దల లెక్కే. మా మనవడు సరిగ్గా ఆ గీత దాటాడు, తినేది మాత్రం అదే చికెన్ ముక్కలు, అదే చాలుతుంది వాడికి.

ఒక సైటులో పది మంది దాకా ఉండొచ్చు. మన కుటుంబాలకు క్యాంపు అందుకే నచ్చుతుంది, వియ్యాలవారితో సహా ఒకే చోట సర్దుకుపోవచ్చు. ప్లాన్ మాత్రం తీసుకుంటే ఆ బుకింగ్‌లో ఉన్న మూడేళ్లు నిండిన అందరికీ, ఉన్న అన్ని రాత్రులకూ, అందరికీ ఒకే రకం తీసుకోవాలి. మా ఎనిమిది మందికి, ఆ 2024 ధరల్లో, ఏడుగురు పెద్దల లెక్క, ఒక పాప లెక్క, రాత్రికి 422.90 డాలర్లు. అప్పటి మారకంలో ముప్పై ఐదు వేల రూపాయలు. దానికి వచ్చేది రాత్రికి పదహారు భోజనాలు, ఎనిమిది చిరుతిళ్లు. పదహారు భోజనాలు! మేం ముసలివాళ్లం నలుగురం కలిసి మూడు ప్లేట్లు తింటే గొప్ప. ఆ ప్లేట్ల సైజు చూస్తే మీకే తెలుస్తుంది. ఒక్కపొద్దులు, రాత్రి పెరుగన్నం తప్ప ఇంకేం దిగని మా వియ్యపురాలు, పొద్దున్నే పచ్చడి వేసుకుని ఇంత అన్నం తింటే గానీ కాలు బయటపెట్టని మా ఆయన, వీళ్లందరూ ఆ పదహారులో ఉన్నారు.

మన జనానికి క్యాంపింగ్ కొత్తేం కాదు. సూర్యాపేట పెద్దగట్టు జాతరకు పోయినవాళ్లెవరినైనా అడగండి, చెట్టు కిందో డేరా కిందో మూడు రాళ్లు పెట్టి వండుకు తినడమే అందులో సగం సంబరం. ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో డేరా వేయడం కూడా అంతే, గ్రిల్లు ముందర నిలబడి మొక్కజొన్న కంకులు, చికెన్ కాల్చుకోవడమే దాని సుఖం. ముందే డబ్బు కట్టేస్తే ఆ గ్రిల్లు వైపు చూడబుద్ధి కాదు. "అమ్మా, పైసలు కట్టినం గదా, అక్కడ తిందాం" అని అమ్మాయి రోజూ అనేది. నేను మూటగట్టి తెచ్చిన బియ్యం, కందిపప్పు మూట విప్పకుండానే అట్లాంటా తిరిగొచ్చాయి.

మిగిలిన భోజనాలు, చిరుతిళ్లు ఖాళీ చేసే రోజు సరిగ్గా తిరుగు ప్రయాణం రోజు పడుతుంది. ఆ రాత్రి పన్నెండు దాటితే మురిగిపోతాయి, అది ముందే చెప్పే నిబంధన, ఎవరినీ అనడానికి లేదు. డేరా విప్పడం ఒక పక్క, ఇంకా ఇన్ని ఉన్నాయి అన్నిట్నీ వాడేయాలి అన్న టెన్షన్ ఒక పక్క. చిరుతిళ్లను పండ్లు, బిస్కెట్లుగా మార్చి కారులో ఏడు గంటల దారికి పెట్టుకున్నాం, అంతవరకు బాగానే ఉంది. భోజనాలే, ఆకలి లేకుండా తిన్నవీ ఉన్నాయి, వదిలేసినవీ ఉన్నాయి. లెక్క రాసుకోలేదు, రాసుకుంటే ఇంకా బాధ.

ఎవరికి గిట్టుబాటు అంటే, మా వియ్యంకుడు గారికి అయింది. ఇరవై ఒకటి నిండినవాళ్లు భోజనంతో వచ్చే కూల్‌డ్రింక్ బదులు, దొరికే చోట బీరో వైనో తీసుకోవచ్చు. ఆయనకు ఈ ప్లాన్ మీద ఉన్న అభిమానం నేను మాటల్లో చెప్పలేను. "పైసలు వసూలైనయి" అని ఆయన ఒక్కడే అన్నాడు.

పెద్ద ప్లాన్ గురించి నేను ఎక్కువ మాట్లాడను. క్యాంపులోనే పయొనీర్ హాల్‌లో 1974 నుంచి ఆడుతున్న హూప్-డీ-డూ అనే విందు ప్రదర్శన ఉంది, దానికి రెండు కూర్చుని తినే భోజనాలు పోతాయి. పాటలు, ఆటలు, చేతులు కొడుతూ అరవడం, మనవలకు పండగ. వడ్డించేది కోడి, పంది పక్కటెముకలు. శాకాహారులుంటే ముందే చెప్పుకోవాలి. మామూలు హోటల్లో కూర్చుంటే టిప్పు ఈ ప్లాన్‌లో రాదు, విడిగా ఇవ్వాలి. ఆరుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే వాళ్లే బిల్లులో వేస్తారు. మా గుంపుకు అది ఎప్పుడూ పడేదే.

చాలామందికి తెలియనిది ఇంకోటి. పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు మాత్రం వద్దంటారు, కాబట్టి ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. పులిహోర పొద్దున్నే కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, వేడి చేసే పనీ లేదు. కౌంటర్ల దగ్గర అడిగితే గ్లాసుడు చల్లటి మంచినీళ్లు ఊరికే ఇస్తారు. ఈ రెండూ తెలిశాక మా ఇంట్లో ప్లాన్ అవసరం బాగా తగ్గింది.

అలాగని అందరికీ వద్దని చెప్పను. మీ ఇంట్లో ఒక్కపొద్దులు, శాకాహారాలు లేకపోతే, పొద్దున లేచి రాత్రి దాకా పార్కుల్లోనే ఉండే వయసైతే, వంట పని ఒక్కరి మీదే పడే ఇల్లైతే, తీసుకోండి. మా అమ్మాయి ఏడాదంతా ఉద్యోగం చేసి వచ్చి, డేరా ముందు గిన్నెలు తోమకుండా నాలుగు రోజులు గడిపింది. ఆ మాటకొస్తే ఆ సుఖానికి డబ్బు లెక్క కట్టడం నాకు చేతకాదు. అమ్మాయిని అడిగితే నా మాటకు సగమే ఒప్పుకుంటుంది.

ఈసారి వియ్యాలవారు రావడం లేదు, పాలమూరులో గృహప్రవేశం ఉందట. ఆరుగురమే. మగ్గులు నాలుగు విడిగా కొని, మిగతాది సేమియా, పులిహోర, గ్రిల్లు మీద వెళ్లదీద్దామని నేను, ఈసారి కూడా ప్లానే తీసుకుందామని అమ్మాయి. డబ్బు కట్టేది అల్లుడు, ఆయన ఇంకా నోరు విప్పలేదు.