డీబీఎస్ ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టే ముందు మత్తు సంగతి తేల్చుకోండి

పార్కిన్సన్స్‌కి డీబీఎస్ (మెదడులోకి తీగ పెట్టి, బ్యాటరీతో కరెంటు ఇచ్చే ఆపరేషన్) చేయించాలని ఎస్టిమేట్లు పట్టుకుని తిరుగుతున్న కుటుంబాలకు ఇది హెచ్చరిక. “మా దగ్గర మెలకువగా ఉంచరండీ, నిద్రపోయి లేచేసరికి అయిపోతుంది” అని కౌన్సెలర్ చెప్పగానే సంతోషపడి సంతకం పెట్టకండి. మత్తు రకాన్ని ఏసీ గది, నాన్ ఏసీ గది లాగా అమ్ముతున్నారు. నిజానికి అది సౌకర్యం లెక్క కాదు. మెదడులో తీగ సరైన చోట పడిందని ఆ టీమ్ ఎలా నిర్ధారించుకుంటుంది అన్నదాన్ని బట్టి మత్తు ఉంటుంది. ఆ సంగతి అడగకుండా లక్షలు కట్టాక వణుకు తగ్గకపోయినా, మాట ముద్దగా మారినా మళ్ళీ తల తెరవాల్సి రావచ్చు. ఆ ఖర్చు ప్యాకేజీలో ఉండకపోవచ్చు.

ఎందుకంత పట్టింపు అంటే, ఎక్కువగా తీగ పెట్టేది మెదడు లోపలి సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే భాగంలో, అది చిక్కుడు గింజంత ఉంటుంది. అందులోకి వెళ్ళే తీగ మందం ఒకటింపావు మిల్లీమీటరు. రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే కరెంటు వేరే నరాల దారిలోకి పోతుంది. బయటి వైపు జరిగితే ముఖం, చెయ్యి లాగేసినట్టవుతుంది, మాట తడబడుతుంది. వెనక్కి జరిగితే తిమ్మిర్లు. లోపలి వైపు జరిగితే కళ్ళు పక్కకి తిరిగి ఒకటి రెండుగా కనిపిస్తాయి.

మెలకువ పద్ధతిలో ఇదంతా అక్కడికక్కడే పట్టుకుంటారు. తలకి నాలుగు పిన్నులతో ఫ్రేమ్ బిగిస్తారు, పిన్ను పడే చోటల్లా లోకల్ ఇంజెక్షన్ ఇస్తారు. మంచి మత్తు డాక్టరైతే అంతకుముందే కనుబొమల పైన, కణతల దగ్గర, చెవి వెనక, మెడ పైభాగాన ఉన్న నరాలకి రెండు వైపులా బుపివకైన్‌తోనో రోపివకైన్‌తోనో బ్లాక్ ఇస్తారు. దాన్నే స్కాల్ప్ బ్లాక్ అంటారు. ఇది సరిగ్గా పడితే గంటల తరబడి తలనొప్పి ఉండదు. పుర్రెకి రంధ్రం పెట్టేటప్పుడు మరీ గట్టిగా శబ్దం, అదురు తెలుస్తాయి, అంతే. మెదడుకి నొప్పి తెలియదు. తర్వాత సన్నని ఎలక్ట్రోడ్‌ని లక్ష్యానికి కాస్త పైనుంచి కొద్దికొద్దిగా దించుతూ నరకణాల చప్పుడు స్పీకర్‌లో వింటారు. నిశ్శబ్దంగా ఉన్నది ఒక్కసారిగా వాన పడ్డట్టు గరగరలాడితే గింజలోకి దిగినట్టు. అప్పుడు కరెంటు ఇచ్చి మణికట్టు తిప్పి బిగుతు చూస్తారు, వేళ్ళు తట్టమంటారు, అంకెలు చెప్పమంటారు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బెంగళూరు, చెన్నై, వెల్లూరు, తిరువనంతపురం వెళ్ళి చేయించుకునేవాళ్ళుంటారు. పేషెంటుకి తెలుగొక్కటే వచ్చి, థియేటర్‌లో తెలుగు తెలిసినవాళ్ళు లేకపోతే మాట ముద్దయిందో లేదో ఎవరు చెబుతారు? “సరే, బాగుంది” అనేసి తీగ బిగించేస్తే ఇంటికొచ్చాక ఫోన్‌లో మీకే తెలుస్తుంది. పరీక్ష సమయంలో తెలుగు తెలిసిన డాక్టరో నర్సో పక్కన ఉంటారా అని ముందే అడగండి. ఇది అడగడానికి సిగ్గుపడకండి.

ఇప్పుడు పూర్తి మత్తు సంగతి. ఇది చెడ్డ పద్ధతని ఎవరైనా అంటే అదీ తప్పే. ఆమ్‌స్టర్‌డామ్‌లో 110 మందిని లాటరీ పద్ధతిలో మెలకువ, పూర్తి మత్తు అని రెండు వర్గాలు చేసి పోల్చిన గెలాక్సీ అధ్యయనం 2021లో వచ్చింది. జ్ఞాపకశక్తి, మనసు, ప్రవర్తన మీద పడే దుష్ఫలితాల్లో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కదలికల్లో మెరుగుదలా దాదాపు ఒకటే. అయితే ఆ పని చేసింది బాగా చెయ్యి తిరిగిన కేంద్రం. ఆ ఫలితాన్ని చూపించి ఏడాదికి నాలుగు కేసులు చేసేవాళ్ళు “మాదీ అంతే” అంటే కుదరదు. పార్కిన్సన్స్ మందు ఆపగానే నడుము వంకరపోయి నొప్పితో గిలగిల్లాడేవాళ్ళకీ, ఊపిరి ఇబ్బంది వచ్చేవాళ్ళకీ, విపరీతంగా భయపడేవాళ్ళకీ, ఆగని దగ్గు ఉన్నవాళ్ళకీ పూర్తి మత్తే మేలు.

కానీ నిద్రపోయినవాళ్ళ వణుకు చూడలేరు, మాట వినలేరు. మత్తు తేలిగ్గా ఉంచితే కణాల చప్పుడు కొంత వినొచ్చు గానీ స్పష్టత తగ్గుతుంది. చెయ్యి లాగుతోందా అన్నది మాత్రం చూడొచ్చు, అదీ కండరాలు వదులు చేసే మందు ప్రభావం దిగాకే. అందుకే నిద్రలో చేసేటప్పుడు తీగ ఎక్కడుందో బొమ్మలో చూడాలి. మీరు అడగాల్సిన మాట ఇది: “కుట్లు వేయకముందే, పేషెంటు టేబుల్ మీద ఉండగానే, సీటీ గానీ ఎమ్మారై గానీ తీసి తీగ ఎక్కడుందో చూస్తారా?” “మర్నాడు స్కాన్ తీస్తాం” అంటే అర్థం, తప్పు పడితే మర్నాడు తెలుస్తుందని.

అన్నిటికంటే మోసం మూడో రకంలో ఉంది. “మెలకువా కాదు, పూర్తి మత్తూ కాదు, మధ్యరకం” అంటారు. అనుభవమున్న చేతుల్లో ఇది మంచిదే: ఫ్రేమ్ బిగించేటప్పుడు, రంధ్రం పెట్టేటప్పుడు జోగించి, వినే సమయానికి లేపుతారు. డెక్స్‌మెడిటోమిడిన్ అనే జోగించే మందుని గంటకి కిలోకి 0.2 నుంచి 0.5 మైక్రోగ్రాముల దగ్గర ఉంచితే శ్వాస పెద్దగా తగ్గదు, చప్పుడూ చాలావరకు వినిపిస్తుంది. మోతాదు పెంచుకుంటూ పోతే మనిషి లేవడు, లేచినా తికమకగా ఉంటాడు, బీపీ పడిపోతుంది. ప్రోపోఫాల్ అనే మత్తుమందు త్వరగా దిగుతుంది గానీ ఉన్నంతసేపూ చప్పుడుని తొక్కేస్తుంది. మరీ ముఖ్యంగా, తల ఫ్రేమ్‌లో బిగించి ఉన్న మనిషికి నిద్రలో నాలుక వెనక్కి పడితే ఊపిరికి ట్యూబు వేయడం తేలిక కాదు. ఫ్రేమ్ విప్పే రెంచి టేబుల్ పక్కనే ఉండాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందని మీరు దాచితే ప్రమాదం ఇక్కడే.

వార్డులో జరిగే పొరపాటు ఒకటి చూడండి. పరీక్షలో వణుకు, బిగుతు కనపడాలని ముందు రోజు రాత్రి నుంచి సిండోపా (లెవోడోపా ఉండే పార్కిన్సన్స్ మాత్ర) ఆపి ఉంచారు, మనిషి బిగుసుకుపోయి ఆందోళన పడుతున్నాడు. రాత్రి డ్యూటీ వాళ్ళు జాలిపడి ఆల్‌ప్రాక్స్ నిద్రమాత్ర ఇస్తారు, లేదా థియేటర్ బయట మిడజోలమ్ అనే మత్తు ఇంజెక్షన్ ఒక మిల్లీగ్రాము వేస్తారు. పొద్దున వణుకే లేదు. అందరికీ హాయి, ఒక్క సర్జన్‌కి తప్ప: పరీక్షించడానికి ఏమీ మిగలదు, స్పీకర్‌లో చప్పుడు మందగిస్తుంది. కేస్ షీట్ మీద “నిద్రమాత్రలు, మిడజోలమ్ వద్దు” అని ఎర్ర ఇంకుతో రాయించండి. రోజూ నిద్రమాత్ర వేసుకునే అలవాటుంటే మీ అంతట మీరు ఆపకుండా ముందే చెప్పండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు.

ఇంకొన్ని మందుల పేర్లు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. వాంతులకి పెరినార్మ్, స్టెమెటిల్ వేయకూడదు, అవి డోపమైన్‌ని అడ్డుకుని మనిషిని ఇంకా బిగించేస్తాయి. ఆపరేషన్ తర్వాత తికమకపడి లేచి తిరుగుతుంటే వేసే సెరినేస్ కూడా అంతే. వాంతులకి ఎమ్‌సెట్ మంచిది, కానీ పార్కిన్సన్స్‌కే ఇచ్చే అపోమార్ఫిన్ వాడుతున్నవాళ్ళకి అదీ వద్దు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. రసాజిలిన్, సెలిజిలిన్ అనే పార్కిన్సన్స్ మాత్రలు వేసుకునేవాళ్ళకి నొప్పికి పెథిడిన్, ట్రమడాల్ ఇవ్వకూడదు. ట్రమడాల్ మామూలు వార్డుల్లో విరివిగా వాడతారు కాబట్టి మరీ జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరుతో రాయించుకోండి. ఆపకపోతే మెదడులో రక్తస్రావం భయం, ఇష్టానికి ఆపితే స్టెంట్ మూసుకుపోయే భయం.

రక్తస్రావానికి ఇంకో కారణం బీపీ. మందు ఆపిన మనిషి, భయంతో, మూత్రం వస్తోందని చెప్పలేక పడుకుని ఉంటే బీపీ 180కి ఎక్కుతుంది. మణికట్టు రక్తనాళంలో లైను వేసి, పై బీపీ 140 దాటకుండా చూస్తామని చెబితే నమ్మకం కలుగుతుంది. బీపీ మాత్ర ఆ రోజు పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలో లేదో మత్తు డాక్టరునే అడగండి, కౌన్సెలర్‌ని కాదు. తల ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంచే భంగిమలో గాలి బుడగ రక్తనాళంలోకి పోవచ్చు. హఠాత్తుగా వచ్చే దగ్గు దానికి తొలి గుర్తు.

ఆపరేషన్ అయ్యాక సిండోపా ఎప్పుడు మొదలుపెడతారన్నది కూడా తేల్చుకోండి. సెలైన్‌లో ఎక్కించే లెవోడోపా మామూలుగా దొరకదు, నోటితోనో ముక్కు గొట్టంతోనో ఇవ్వాలి. “రాత్రికి ఏమీ పెట్టకండి” అన్న ఆర్డరు మాత్రలకి కూడా వర్తింపజేసి పొద్దునదాకా ఆపితే మింగడం, ఊపిరి రెండూ కష్టమవుతాయి.

ఎస్టిమేట్‌లో చిన్న అక్షరాలు చదవండి. చెవి వెనక నుంచి తీగని చర్మం కింద లాగి కాలర్ ఎముక కింద బ్యాటరీ పెట్టే రెండో దశకి మామూలుగా పూర్తి మత్తే కావాలి. అది అదే రోజా, కొన్ని రోజుల తర్వాతా? రెండో మత్తు ఛార్జీ కలిపారా? మెలకువలో మొదలుపెట్టి మధ్యలో పూర్తి మత్తుకి మార్చాల్సి వస్తే అదనంగా ఎంత? తీగ జరపాల్సి వస్తే ఎవరు కడతారు? ఇవన్నీ రాతలో ఉండాలి. ఇక ఛార్జింగ్ లేని బ్యాటరీ కొన్నేళ్ళకి అయిపోతే మార్చడానికి చాలామందికి లోకల్, తేలికపాటి మత్తు సరిపోతాయి. అప్పుడు కూడా జనరల్ (పూర్తి మత్తు) అని రాస్తే ఎందుకో అడిగి తెలుసుకోండి.