నల్లగొండల దొరికే వరల్డ్ హిస్టరీ స్పైరల్ బుక్: షూమన్ చాప్టర్ మస్తుంది, మిగతాది హడావుడి

సివిల్స్ మెయిన్స్ జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) కోసం నల్లగొండల ఒక కోచింగ్ వాళ్లు అమ్మే స్పైరల్ బుక్ తీసుకున్న, 180 రూపాయలు, తెలుగు మీడియంల దొరుకుడే కష్టం కాబట్టి రేటు గురించి ఏమనను.

రాబర్ట్ షూమన్ చాప్టర్ ఒక్కటి చదివితే చాలు పైసా వసూల్. గైడ్లల్ల "1950 మే 9, షూమన్ డిక్లరేషన్" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తరు గదా, ఇండ్ల ఆ మనిషి సంగతి నుంచే మొదలుపెట్టిండ్రు. 1886ల లక్సెంబర్గ్‌ల పుట్టిండు, పుట్టుకతోని జర్మన్ పౌరుడు, మొదటి ప్రపంచ యుద్ధం అయినంక, జర్మనీ చేతిల ఉన్న లొరేన్ ప్రాంతం ఫ్రాన్స్‌కు తిరిగొస్తే ఫ్రెంచోడైండు, రెండో యుద్ధంల గెస్టపో (నాజీల రహస్య పోలీసు) అరెస్ట్ చేసింది, 1942ల తప్పించుకుని పోయిండు. గసొంటాయన ఫ్రాన్స్ విదేశాంగ మంత్రయి, ఫ్రాన్స్, జర్మనీ రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఒకే అథారిటీ కింద పెడదాం అన్నడు, ఫిరంగులు చేయాలంటే గవే కావాలె గదా. ప్లాన్ రాసింది మాత్రం జాన్ మొన్నే అనే ఫ్రెంచ్ అధికారి, అది గూడ దాచలే, మంచిగనిపించింది.

ఆ బొగ్గు-ఉక్కు అథారిటీని (పేరు హై అథారిటీ) నాగార్జున సాగర్ నీళ్ల బోర్డుతోని పోల్చిండ్రు. సగమే అతుకుతది నాకైతే. 1951 పారిస్ ఒప్పందంతోని వచ్చిన ఆ అథారిటీ సొంతంగ లెవీ (పన్ను లాంటిది) వసూలు చేసేది, దాని నిర్ణయం అందుల చేరిన ఆరు దేశాలు పాటించాల్సిందే. మన దగ్గర 2023 నవంబర్ల డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డరు, మరి!

ఇగ మైనస్‌లు. అప్పటి పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్‌కు అరపేజీ కూడా ఇయ్యలే. ప్రకటన చేసే ముందు షూమన్ ఆయనకు బాన్‌కు లెటర్ పంపి ఒప్పించుకున్నడు, ఆయన వద్దంటే కథ అక్కడనే ఆగు. ఇంకోటి, యూరప్ దేశాల ఉమ్మడి సైన్యం ఒప్పందం మీద 1952ల షూమనే సంతకం పెట్టిండు, దాన్ని 1954 ఆగస్టు 30న ఫ్రెంచ్ పార్లమెంటే కొట్టేసింది. ఆ ముచ్చటే లేదు బుక్‌ల! మెయిన్స్‌ల అన్నీ గెలుపులే రాస్తే మార్కులేం పడ్తయి? 1963 ఎలిజే ఒప్పందం (ఫ్రాన్స్, జర్మనీ స్నేహ ఒప్పందం) కాడ కూడా షూమన్ ఫోటోనే పెట్టిండ్రు, సంతకం పెట్టింది ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, అడెనావర్.

స్పైరల్ పల్చగుంది, జల్ది ఊడుతది. షూమన్ చాప్టర్ కోసమైతే కొనుండ్రి, 1954 సంగతి వేరేకాడ చదువుకోండ్రి. 5కు 3.