‘ఉద్యోగం’ అర్థం కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధన: ఒక పరిశీలన

ఒక్క మాట కోసం నాలుగు నిఘంటువులు ముందేసుకుని కూర్చునే శ్రమను ఆంధ్రభారతి నిఘంటు శోధన ఎంతవరకు తప్పిస్తుందో చూడాలని, రోజూ నోట నానే ‘ఉద్యోగం’ అనే మాటనే తీసుకున్నాను. రుసుము లేని ఈ అంతర్జాల సేవలో మాటను తెలుగు లిపిలో ఇస్తే చాలు, బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివి చెప్పే అర్థాలు ఒకేచోట వరుసగా కనిపిస్తాయి.

ఆ వరుసే దీని అసలు బలం. ఉద్యోగమంటే నెల జీతమని నమ్మి వెళ్లినవారికి ప్రయత్నం, పూనిక అనే పాత అర్థాలు ఎదురవుతాయి. భారతంలోని అయిదవ పర్వానికి, అంటే తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వానికి, ఆ పేరెందుకు వచ్చిందో అప్పుడు తేటపడుతుంది. అందులో ఉన్నవి రాయబారాలు, యుద్ధ సన్నాహాలు. (భీష్ముడికి సేనాధిపత్యం దక్కిందీ అందులోనే అయినా, దానిని నెల జీతపు కొలువనడం కష్టం.) ‘ఉద్యోగం పురుషలక్షణం’ అని ఖాళీగా ఉన్న కుర్రవాళ్లను దెప్పిపొడిచే పెద్దలు ఆ మాటలోని ఉద్యోగం పూనికేనని ఒకసారి చూసుకుంటే బాగుండును. హిందీలో ఇదే మాట పరిశ్రమ అనే అర్థంలో స్థిరపడింది కాబట్టి, ఢిల్లీలోని ఉద్యోగ్ భవన్ కొలువులిచ్చే చోటు కాదు.

‘కొలువు’ కూడా వెతకదగిన మాటే. కొలుచుట అంటే సేవించుట. రాజసభ కొలువైంది, సంక్రాంతి బొమ్మల వరుసా కొలువే అయింది, ఇప్పుడు పత్రికలు నియామక ప్రకటనలను ‘కొలువుల జాతర’ అంటున్నాయి. ‘నౌకరి’ పారసీ నుంచి వచ్చిన మాట. తెలంగాణలో సర్కారు నౌకరి అంటే గౌరవం; కోస్తాలో ‘నౌకరు’ అంటే సేవకుడు.

ఈ తేడాల దగ్గరే పాత నిఘంటువుల శక్తి చాలదు. నెలనెలా జీతం తీసుకునే ఇంటి పనిమనిషి ‘పనిలో కుదిరింది’ అంటాం, ఆఫీసు గుమాస్తా ‘ఉద్యోగంలో చేరాడు’ అంటాం. జీతం ఇద్దరికీ ఉన్నా ఆ మాట ఒకరికే దక్కుతుంది. ‘ఏదో ఉద్యోగం వెలగబెడుతున్నాడు’ అనడంలోని ఎత్తిపొడుపు అర్థాల పట్టికకు అందేది కాదు. 1852 నాటి బ్రౌను నిఘంటువును ఇవాళ్టి జీతగాళ్ల గురించి అడగడం న్యాయమూ కాదు, అయితే బ్రౌను స్వయంగా కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఉద్యోగి, తన సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి పని చేయించినవాడు.

మాట పుట్టుకకూ పాత వాడుకకూ ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నేటి వాడుకకు వార్తాపత్రికలనూ పక్కింటివారినీ ఆశ్రయించవలసిందే. వెతికేటప్పుడు ‘ఉద్యోగం’ అని కాక, పాత నిఘంటువుల పద్ధతిలో ‘ఉద్యోగము’ అని ఇవ్వడం మేలు.